పదిమంది ఒకేసారి గాయపడితే ముందు ఎవరిని చూడాలి?

బస్సు బోల్తా పడింది. గాయపడినవాళ్లు పదిమందికి పైనే, సాయానికి ఉన్నది మీరొక్కరే. ఇలాంటప్పుడు చాలామంది గట్టిగా అరుస్తున్నవాళ్ల దగ్గరికే పరుగెడతారు. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందనే కదా! పక్కనే చడీచప్పుడూ లేకుండా నెత్తురు కారిపోతున్నవాడు ఈలోగా పోతాడు.

దీనికి ‘స్టార్ట్’ అనే పద్ధతి ఉంది. 1983లో కాలిఫోర్నియాలో ఒక ఆసుపత్రి, అక్కడి అగ్నిమాపక శాఖ కలిసి తయారుచేశాయి. ఒక్కో మనిషికి 30 నుంచి 60 సెకన్లు, అంతే. మార్కులు వేసి కూడే పద్ధతులూ ఉన్నాయి గానీ, చేతులు వణుకుతున్నప్పుడు కూడికలు కుదరవు.

కావలసినవి: గ్లౌజులు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు రిబ్బన్లు, లావు మార్కర్, రక్తం ఆపడానికి టూర్నికే పట్టీలు. ఎరుపు అంటే ముందు సాయం అందాల్సినవాళ్లు, పసుపు అంటే వాళ్ల తర్వాత, ఆకుపచ్చ అంటే ఇంకా ఆగగలిగినవాళ్లు, నలుపు అంటే ఊపిరి రానివాళ్లు. రిబ్బన్ మణికట్టుకే కట్టండి. బట్టలకు కడితే ఆసుపత్రిలో బట్టలతోపాటు కత్తిరించి పారేస్తారు.

ముందు మంటలు, కరెంటు తీగలు, వచ్చిపోయే వాహనాలు చూసుకోండి. అంబులెన్సుకు ఫోన్ చేయించండి. తర్వాత ‘నడవగలిగినవాళ్లు ఇటు రండి’ అని గట్టిగా పిలవండి. వచ్చినవాళ్లకు ఆకుపచ్చ. వాళ్లలో ధైర్యంగా ఉన్నవాళ్లను గాయాలు నొక్కిపట్టడానికి వాడుకోండి.

మిగిలినవాళ్లను మీకు దగ్గరలో ఉన్నవాళ్లతో మొదలుపెట్టి వరసగా చూడండి. ఊపిరి 15 సెకన్లలో 8 సార్లు, లేదా అంతకు మించి ఆడుతుంటే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోతే ఎరుపు. గోరు నొక్కి రంగు చూసే పాత అలవాటు మానండి, చలిలోనూ చీకట్లోనూ అది మోసం చేస్తుంది. ‘నా చెయ్యి గట్టిగా పట్టుకో’ అంటే పట్టుకోలేకపోయినా ఎరుపే. ఇవన్నీ బాగుండి, నడవలేనివాళ్లకు పసుపు. చేతి నుంచో కాలి నుంచో నెత్తురు చిమ్ముతుంటే గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా పట్టీ బిగించి, బిగించిన టైము రాయండి. అంతకు మించి వైద్యం మొదలుపెట్టారా, వరస ఆగిపోయినట్టే.

ఇక అందరూ తప్పు చేసేది నలుపు దగ్గర.

ఊపిరి లేని మనిషి కనిపిస్తే తల కొద్దిగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే తల కదపకుండా దవడను మాత్రం ముందుకు నెట్టండి. నోట్లో ఏదైనా కనిపిస్తే తీసేయండి. ఛాతీ లేస్తోందేమో పది సెకన్లు చూడండి. ఊపిరి వచ్చిందా, ఎరుపు. రాలేదా, నలుపు కట్టి లేవండి.

ఆ లేవడమే ఎవరికీ చేతకాదు. మోకాళ్ల మీద కూర్చుని గుండె నొక్కడం మొదలుపెడతారు. ఒక్కరే గాయపడి ఉంటే అది సరైన పనే. కానీ పెద్ద గాయాలతో గుండె ఆగినవాళ్లు అలా బతికి బయటపడడం చాలా అరుదు. పెద్ద రక్తనాళం తెగినవాడికి మాత్రం మిగిలేవి కొద్ది నిమిషాలే. మీరు నొక్కుతూ కూర్చున్నంతసేపూ అతనికి ఎవరూ లేరు. నలుపు కట్టడమంటే చనిపోయాడని తేల్చడం కాదు, అది డాక్టరు పని. మరికొంతమంది సాయానికి వస్తే మళ్లీ ఆ మనిషి దగ్గరికి వెళ్లాలి.

రెండు మినహాయింపులున్నాయి. చిన్నపిల్లలకు ఊపిరి ఆగినా నాడి ఆడుతుంటే, నలుపు కట్టేముందు ఐదుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. పిల్లల్లో ముందు ఆగేది ఎక్కువగా ఊపిరే, గుండె కాదు. పిడుగు పడిన చోట వరసే తిరగబడుతుంది. చలనం లేనివాళ్లనే ముందు పట్టుకుని గుండె నొక్కాలి, వాళ్లు తేరుకునే అవకాశం బాగా ఉంటుంది.

వయసు, హోదా, తప్పెవరిది అన్నవి రంగుకు సంబంధం లేనివి. నెపోలియన్ సైన్యంలో వైద్యుడు లారే, అధికారా సిపాయా అని చూడకుండా గాయాన్ని బట్టే వరస పెట్టాడు. తాగి బండి నడిపి ఇంతమందిని గుద్దినవాడైనా, నాడి అందకపోతే ఎరుపే. పడినవాళ్లలో మీ సొంతవాళ్లుంటే రిబ్బన్లు ఇంకొకరికి ఇచ్చేయండి. ఇవ్వడానికి ఎవరూ లేకపోతే వరస తప్పకండి.

ఒక చుట్టు పూర్తయ్యాక మళ్లీ మొదటినుంచి చూడండి. ఆకుపచ్చ కట్టుకుని కబుర్లు చెబుతున్నవాడు కడుపులో రక్తస్రావంతో కూలిపోవచ్చు. అంబులెన్సు రాగానే జరిగిన కథంతా చెప్పొద్దు. ఏ రంగువాళ్లు ఎందరు, ఎరుపువాళ్లు ఎక్కడున్నారు, పట్టీలు ఎప్పుడు బిగించారు, ఇవి చాలు.