పెట్ట గుడ్డు పెట్టట్లేదా? ఆగి చూడొచ్చే సమస్య ఏది, ఆగకూడనిది ఏది

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. దొడ్లో 7 నాటు పెట్టలు, 4 గ్రామప్రియ (గుడ్ల కోసం తయారుచేసిన రకం) పెట్టలు తిరుగుతుంటాయి. "మా పెట్ట గుడ్డు పెట్టడం మానేసింది" అని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది ఒకటే. మేత తింటోందా, మిగతావాటితో తిరుగుతోందా? తిని తిరుగుతుంటే టెన్షన్ అక్కర్లేదు, నాలుగు రోజులు చూసి కారణం వెతుక్కోవచ్చు. మేత ముట్టకుండా ఓ మూల ముడుచుకుని ఉంటే మాత్రం ఆ పూటే చేతిలోకి తీసుకుని చూడాలి.

తింటోంది, తిరుగుతోంది, గుడ్డు మాత్రం లేదు

ముందు గడ్డికుప్ప వెతకండి. నవ్వులాట కాదు. మా నల్లపెట్ట మానేసిందని అమ్మ దాన్ని సంక్రాంతి కూర లెక్కలో వేసేసింది. తీరా చూస్తే తాటాకుల మోపు వెనక 9 గుడ్లు! ఎక్కువ పెట్టలు పొద్దుటి పూటే పెడతాయి కాబట్టి ఓ మూడు రోజులు 11 గంటల దాకా వదలకుండా ఉంచితే సంగతి తేలిపోతుంది.

గూట్లో పెంకు ముక్కలు, సొన తడి కనిపిస్తే కోళ్లే పొడుచుకు తింటున్నాయేమో చూడండి. పాము అయితే గుడ్డు మొత్తం మింగుతుంది, పెంకు మిగల్చదు.

నాటు పెట్ట 10, 15 గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చోవడం దాని సహజగుణం. ఈకలు పొంగించుకుని గూడు వదలదు, చెయ్యి పెడితే పొడుస్తుంది. పిల్లలు కావాలంటే గుడ్లు పెట్టి 21 రోజులు వదిలేయండి. వద్దనుకుంటే అడుగున గాలి ఆడే జాలీ పంజరంలో మేత, నీళ్లు పెట్టి 3, 4 రోజులు ఉంచితే దిగిపోతుంది. నీళ్లలో ముంచి తీయమని పెద్దవాళ్లు అంటారు గానీ, దానివల్ల కోడి బెదిరిపోవడం తప్ప నేనైతే ఇంకేం చూడలేదు.

ఈకలు రాలుస్తుంటే రెండు మూడు నెలలు గుడ్డు ఆశ వదులుకోవాలి. డిసెంబరులో మనవైపు పగలు 11 గంటలే. పెట్ట బాగా పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండాలి. గ్రామప్రియ లాంటివాటికి తెల్లవారుజామున బల్బు వేస్తే పనిచేస్తుంది. నాటు పెట్టకి మాత్రం కరెంటు దండగ.

రాత్రి టార్చి పట్టుకుని ముడ్డి చుట్టూ, రెక్కల కింద ఈకలు విడదీసి పేలు, సన్న పురుగులు కూడా చూడండి. ఉంటే పొర్లడానికి పొడిమట్టి, పొయ్యి బూడిద కలిపిన గుంట ఇవ్వండి. గూటి చెక్కల సందులు గీకి శుభ్రం చేయకపోతే అందులో దాక్కున్న సన్న పురుగులు మళ్లీ పడతాయి.

తోలుగుడ్డు, పల్చటి పెంకు

కొత్తగా మొదలెట్టిన పెట్ట ఒకటి రెండు తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెడితే వదిలేయండి. అదేపనిగా పెడుతుంటే లోపం చాలావరకు మేతలోనే ఉంటుంది.

గుడ్డు తయారవడానికి దాదాపు 25 గంటలు పడితే, అందులో 20 గంటలు పెంకుకే పోతాయి. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. "చోళ్లు (రాగులు) వేస్తున్నాం కదా, అందులో కాల్షియం ఉంటుందంటారు కదా" అని మా అప్ప నాతో వాదించింది. నిజమే, 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే ఒక్క పెంకుకే అరకిలో పైన చోళ్లు తినాలి. పెట్ట రోజంతా తినేది 100, 120 గ్రాములు! ఇక నూకల సంగతి చెప్పక్కర్లేదు.

పూసపాటిరేగ, భోగాపురం వైపు వెళ్లేవాళ్లుంటే సముద్రపు ఒడ్డు గుల్లలు ఓ సంచీడు తెప్పించుకోండి. కడిగి, ఎండబెట్టి, గోధుమ గింజంత ముక్కలయ్యేలా దంచండి. మేతలో కలపకుండా విడిగా ఓ చిప్పలో పెడితే ఏ పెట్టకి ఎంత కావాలో అదే ఏరుకుంటుంది. కోడిపిల్లలకి అది అవసరం లేదు. గుడ్డు పెంకులైతే పెనం మీద వేయించి పొడి చేయాలి, అలాగే పారేస్తే గుడ్డు పొడుచుకు తినే అలవాటు పడుతుంది. తాంబూలం సున్నం మాత్రం వద్దు, నోరు, గొంతు కాలిపోతాయి.

ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. కోడి నోరు తెరిచి రొప్పుతుంటే మేత తగ్గుతుంది, పెంకూ పల్చబడుతుంది. మేత తెల్లవారినప్పుడు, పొద్దు వాలాక వేయండి. మధ్యాహ్నం నీళ్లు మార్చండి.

మూల నిలబడి ముక్కుతోంది

ఇది మాత్రం ఆగి చూసేది కాదు. గుడ్డు లోపల ఇరుక్కుని ఉండొచ్చు. తోక కిందకి వాల్చి పైకీ కిందకీ ఆడిస్తుంది, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంది, గూట్లోకి వెళ్లి వస్తుంది, రెట్ట సరిగ్గా వేయదు. కాల్షియం తక్కువైనా, గుడ్డు మరీ పెద్దదైనా, ఒళ్లు కొవ్వెక్కినా, నీళ్లు చాలకపోయినా ఇలా అవుతుంది.

పోయిన మే నెలలో మా గ్రామప్రియ ఒకటి ఇలాగే అయింది. చంకలో పెట్టుకుని ముడ్డి కింద రెండు కాళ్ల మధ్య మెల్లగా తడిమితే గట్టిగా గుండ్రంగా తగిలింది. అల్యూమినియం బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోశాను. మోచేయి పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పొట్ట మునిగేలా 20 నిమిషాలు కూర్చోబెట్టాను. మొదట తన్నుకుంది, తర్వాత కళ్లు మూసుకుని వాలిపోయింది. తుడిచి, ముడ్డి లోపలి అంచుకి కొబ్బరినూనె రాసి, గంప కింద గోనెసంచి కప్పి చీకట్లో ఉంచాను. గంట దాటినా ఏం లేదు. మళ్లీ నీళ్లలో పెట్టాను. రెండోసారి తర్వాత ముప్పావు గంటకి గంప కింద నుంచి కొక్కొక్కో అని అరుపు. ఎత్తి చూస్తే గరుకు పెంకుతో పొడవాటి గుడ్డు.

పశువుల మందుల షాపులో దొరికే కాల్షియం ద్రవం, సీసా మీద కోళ్లకి రాసిన మోతాదులో ఇవ్వొచ్చు. చుక్క చుక్కగా ముక్కు పక్కన పెట్టండి, గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డుని నొక్కి తోయడం, పుల్ల పెట్టడం చేయొద్దు. లోపల పగిలితే చీము పట్టి కోడి పోతుంది. రెండు మూడుసార్లు చేసినా రాకపోతే తెల్లారేదాకా ఎదురుచూడకండి. పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి అడగండి. మా వైపు వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

ముడ్డి దగ్గర ఎర్రటి మాంసం బయటికొచ్చింది

వెంటనే వేరుచేయండి, మిగతా కోళ్లు పొడిచి చంపేస్తాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, తేనె గానీ పంచదార ముద్ద గానీ రాస్తే వాపు దిగుతుంది. నూనె వేలితో మెల్లగా లోపలికి నెట్టండి. కొన్ని రోజులు మసక వెలుతురులో ఉంచితే గుడ్లు ఆగి కండ కుదుటపడుతుంది. మళ్లీ మళ్లీ వస్తే ఆ పెట్టని గుడ్లకి ఉంచకండి.

పొట్ట నీళ్ల సంచిలా ఉంది

సొన కడుపులో పడి చెడిపోయి ఉండొచ్చు. ఇంటి వైద్యం లేదు, డాక్టరుకి చూపించండి. మందు ఇస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడగడం మరిచిపోకండి.

అన్నీ ఒకేసారి మానేశాయి

పచ్చ రెట్ట, మెడ తిప్పడం, గురగురలాడటం కూడా ఉంటే కొక్కెర తెగులు (రాణిఖేత్) అనుమానించాలి. వచ్చాక మందు లేదు. మొదటి వారంలో లసోటా చుక్కల టీకా, 6 నుంచి 8 వారాల్లో ఆర్‌2బి టీకా ముందే వేయించాలి. కోళ్లు వరసగా చనిపోతుంటే వండకండి, చెరువులో వేయకండి, అమ్మకండి. పశువుల ఆస్పత్రికి కబురు పెట్టి, వాళ్లు చెప్పాకే లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.