పాత మామిడి చెట్టుకు రంపం పెట్టే ముందు రకాన్ని దక్కించుకోవడం ఎలా?

చిన్న రసం, పెద్ద రసం, పంచదార కలశ, కొత్తపల్లి కొబ్బరి... కాపు తగ్గిందని ఇలాంటి చెట్టును కొట్టేశాక టెంక నాటితే ఆ రకం తిరిగి రాదు. మన మేలు రకాల టెంకల్లో సాధారణంగా పరాగ సంపర్కం వల్ల పుట్టిన పిండం ఒక్కటే ఉంటుంది. ఆ మొక్క తల్లిని పోలదు. అంటు కట్టడమొక్కటే దారి. అందుకే ముందు అంటు, తర్వాతే రంపం.

మే నెలలో, కాయ చెట్టు మీద ఉండగానే గుర్తు పెట్టండి. ఆకు చూసి రకం చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. అల్యూమినియం రేకు మీద నంబరు గీకి కొమ్మకు వదులుగా కట్టండి. కాయ బరువు, ముక్కు ఆకారం, పీచు, పండే వారం, ఊళ్లో పిలిచే పేరు నోటుబుక్కులో రాసుకోండి. ఒకే పేరుతో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు కాయలుంటాయి, కాబట్టి ఊరి పేరు మరవొద్దు.

అంటుకు అడుగు మొక్కలు నాటు మామిడి టెంకల నుంచి పెంచాలి. ఈ టెంకలు ఎండితే మొలవవు. పండు తిన్న వారంలోపే నీళ్లలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి మడిలో పెట్టండి. కావలసిన అంట్లకు మూడింతలు పెట్టడం మంచిది.

అంటు కట్టడానికి పాత చెట్టు నుంచి కోసే పుల్ల ఎంపికే అసలు పని. మూడు నాలుగు నెలల వయసున్న, పూత రాని రెమ్మలు చూసుకోండి. కోయడానికి 8–10 రోజుల ముందు తొడిమలు ఉంచి ఆకులు కత్తిరించండి. తొడిమలు తాకితే రాలుతూ, కొనమొగ్గ ఉబ్బి, ఇంకా విప్పుకోకుండా ఉన్నప్పుడు 10–15 సెం.మీ. పుల్ల కోసి తడిగుడ్డలో చుట్టండి. ముసలి చెట్టుకు ఇలాంటి రెమ్మలు తక్కువ. ముందటి ఏడాదే రెండు మూడు చిన్న కొమ్మలు కత్తిరించి నీరు పెడితే వస్తాయి.

ఇక అంటు కట్టడం. మడిలోని నాటు మొలక వయసు 10–15 రోజులు ఉండాలి, ఆకు ఇంకా రాగి రంగులోనే ఉండాలి. టెంకకు 5–6 సెం.మీ. పైన తల తీసి, మధ్యలో 4 సెం.మీ. చీల్చండి. పుల్ల అడుగును రెండు వైపులా ఉలి మొనలా చెక్కి దూర్చండి. కనీసం ఒక పక్కన బెరడుకు బెరడు కలవాలి. పాలిథీన్ పట్టీతో బిగించి, పైన సన్నటి కవరు తొడిగి నీడలో ఉంచండి. మూడు వారాల్లో చిగురు కనిపిస్తుంది. కట్టు వదులై నీరు దిగితే పుల్ల నల్లబడుతుంది. చెట్టుకు పది అంట్లయినా బతికించి, రెండు వేర్వేరు చోట్ల నాటండి.

ఇక పాత చెట్టు సంగతి. మొదలంటా కొట్టేయకుండా, కొమ్మలు కోసి మళ్లీ కాపుకు తేవచ్చు. డిసెంబరు, జనవరిలో భూమికి 4 మీటర్ల ఎత్తున కొమ్మలు కోయండి. బదనిక (కొమ్మ మీద అతుక్కుని బతికే పరాన్నజీవి మొక్క) పట్టిన కొమ్మను, అది అతుక్కున్న చోటికి బాగా కిందికి కోయాలి. కోతకు ముందు అడుగున గాటు పెడితే బెరడు చీలదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టును అదే రోజు కోతలకు పూయండి. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుప పాత్ర వద్దు. రంధ్రం నుంచి రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు ఉన్నట్టే: ఇనుప తీగతో పొడిచి, పెట్రోలులో ముంచిన దూది పెట్టి మట్టితో మూసేయండి. ఈ పురుగును వదిలేస్తే కోసిన చెట్టు చచ్చిపోతుంది.

గుత్తులుగా వచ్చే చిగుళ్లలో కొమ్మకు బయటివైపు పెరిగే 8–10 మాత్రమే ఉంచండి. మూడో ఏడాదికి కాపు మొదలవుతుంది. ఆ కాయను నోటుబుక్కుతో పోల్చి చూడండి. పాత చెట్టు కూడా అంటు మొక్కే అయితే, అంటు కట్టిన చోటికి కింద, మొదట్లోంచి వచ్చే చిగుళ్లు నాటు మామిడివి. వాటిని ఎప్పటికప్పుడు తీసేయండి.