ఫైల్ మారలేదు, ఫైర్‌వాల్ మారింది: రూల్స్ మార్పులపై నిఘా పెట్టే పద్ధతి

నేను చూసుకునే ఒక లినక్స్ సర్వర్‌లో డేటాబేస్ పోర్టు 5432 ఐదు వారాల పాటు ప్రపంచమంతటికీ తెరిచి ఉంది. ఆ ఐదు వారాలూ నా నిఘా స్క్రిప్టు పనిచేస్తూనే ఉంది. రోజూ ఫైర్‌వాల్ (ఏ నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను రానివ్వాలో, దేన్ని ఆపాలో రూల్స్ ప్రకారం తేల్చే వ్యవస్థ) కాన్ఫిగరేషన్ ఫైల్‌ను సరిచూసి ‘మార్పు లేదు’ అని నమోదు చేసింది. ఫైల్ నిజంగానే మారలేదు. పరీక్ష కోసం ఎవరో ఒకే ఆదేశంతో రూల్‌ను నేరుగా కెర్నెల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోకి) చేర్చి, తీసేయడం మరిచిపోయారు. వేరే పని మీద రూల్స్ జాబితా చదువుతుంటే అది నా కంటపడింది.

అందుకే మొదట చెప్పేది ఇది: కెర్నెల్‌లో ప్రస్తుతం అమలులో ఉన్న రూల్స్‌ను గమనించండి. ఫైల్‌ను కూడా గమనించాలి, కానీ అది రెండో పని.

లినక్స్ ఫైర్‌వాల్ రూల్స్ వ్యవస్థ అయిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వాడుతున్న సర్వర్‌లో ‘ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్’ ఆదేశం అమలులో ఉన్న రూల్స్ అన్నిటినీ చూపిస్తుంది. దానికి హైఫన్ ఎస్ ఆప్షన్ తప్పక కలపండి. అది లేకపోతే ప్యాకెట్ల లెక్కలు కూడా ముద్రితమవుతాయి. అవి ప్రతి క్షణం మారుతాయి కాబట్టి పోల్చిన ప్రతిసారీ తేడా కనిపిస్తుంది. దానికి ముందున్న పాత వ్యవస్థ ఐపీటేబుల్స్ అయితే ‘ఐపీటేబుల్స్-సేవ్’ వాడాలి. అందులోనూ తేదీ ఉన్న వ్యాఖ్య పంక్తులను, చైన్ (రూల్స్ వరుస) పేర్ల పక్కన చదరపు బ్రాకెట్లలో ఉండే అంకెలను తొలగించాకే పోల్చాలి. ఐపీవీ6 రూల్స్ అక్కడ కనిపించవు, వాటికి ‘ఐపీ6టేబుల్స్-సేవ్’ వేరుగా నడపాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఒక తలుపుకు తాళం వేసి, రెండో తలుపు చూడనట్టే అవుతుంది.

ఇలా వచ్చిన జాబితాను మీరు ఆమోదించిన ప్రతితో పోల్చండి. నేను ఐదు నిమిషాలకోసారి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) టైమర్‌తో పోలుస్తాను. ఆమోదించిన ప్రతిని అదే సర్వర్‌లో ఉంచవద్దు. రూల్ మార్చగలిగే రూట్ అధికారం ఉన్నవారు ఆ ప్రతిని కూడా మార్చగలరు. వేరే యంత్రంలో గిట్ రిపాజిటరీగా ఉంచి, ఆ యంత్రం నుంచే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా జాబితా తెప్పించుకోవడం మేలు. ఆ పనికి వాడే కీ ఈ ఒక్క ఆదేశం తప్ప మరేదీ నడపలేకుండా పరిమితం చేయండి. ఇంకో జాగ్రత్త: ఆదేశం విఫలమైతే జాబితా ఖాళీగా వస్తుంది, రూల్స్ అన్నీ తుడిచేసినా ఖాళీగానే వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే ఆదేశం ఎగ్జిట్ కోడ్‌ను (అది సఫలమైందో విఫలమైందో చెప్పే అంకెను) స్క్రిప్టు చూడాలి. రెండు సందర్భాల్లోనూ హెచ్చరిక రావలసిందే, కాకపోతే వేర్వేరు మాటలతో రావాలి.

ఐదు నిమిషాల మధ్యలో ఎవరైనా రూల్ తెరిచి, పని ముగించుకుని, మూసేస్తే ఈ పోలికకు దొరకరు. దానికి ‘ఎన్‌ఎఫ్‌టీ మానిటర్’ ఉంది. ఇది ఆగకుండా నడుస్తూ, చేర్చిన రూల్‌ను, తీసేసిన రూల్‌ను అప్పటికప్పుడు ముద్రిస్తుంది. ప్రతి మార్పు తర్వాత, ఆ మార్పు చేసిన ప్రాసెస్ సంఖ్యను, పేరును కూడా చెబుతుంది. దీన్ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టి, వచ్చినదంతా జర్నల్‌లోకి (సిస్టమ్‌డీ లాగ్‌లోకి), అక్కడి నుంచి మరో యంత్రంలోని లాగ్ సర్వర్‌కు పంపండి.

ప్రాసెస్ పేరు తెలిసినా మనిషి పేరు తెలియదు. ఇక్కడే యంత్రంలో ఎవరు ఏం చేశారో నమోదు చేసే ఆడిట్‌డీ సర్వీస్ అవసరం. కెర్నెల్ ఆడిట్ వ్యవస్థలో నెట్‌ఫిల్టర్ (కెర్నెల్‌లోని ఫైర్‌వాల్ భాగం) మార్పులకు ‘నెట్‌ఫిల్టర్_సీఎఫ్‌జీ’ అనే ప్రత్యేక రికార్డు ఉంది. ఆడిట్ రికార్డులను వెతికే ‘ఏయూసెర్చ్’ ఆదేశానికి హైఫన్ ఎమ్‌తో ఆ పేరు ఇచ్చి, హైఫన్ ఐ కలిపితే యూజర్ సంఖ్యలకు బదులు పేర్లు కనిపిస్తాయి. ఏ టేబుల్‌లో (చైన్ల సమూహంలో) ఏ రకమైన మార్పు జరిగిందో ఆ రికార్డు చెబుతుంది గాని, రూల్‌లో ఏముందో చెప్పదు. రూల్‌లో ఏముందో మానిటర్ చెబుతుంది. ప్రాసెస్ సంఖ్య, సమయం పట్టుకుని ఈ రెండింటినీ జత చేయాలి.

ఇక మనిషిని గుర్తించడానికి ‘ఏయూఐడీ’ అనే అంకె ఉంది. ఆ సెషన్‌లో మొదట లాగిన్ అయిన యూజర్ సంఖ్య అది. తర్వాత సుడో వాడినా, రూట్‌గా మారినా అది మారదు. దాన్ని నమోదు చేయడానికి ఎన్‌ఎఫ్‌టీ ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ రికార్డు రాసేలా ఆడిట్ రూల్ పెట్టండి. కొత్త పంపిణీల్లో ఐపీటేబుల్స్ అనే పేరు చాలాసార్లు మరో ఫైల్‌కు లింకు మాత్రమే. ఆ లింకు చివర ఉన్న అసలు ప్రోగ్రామ్ మీద రూల్ పెట్టాలి.

ఏయూఐడీ స్థానంలో 4294967295 కనిపిస్తే లాగిన్ లేని ప్రాసెస్, అంటే ఏదో సర్వీస్, ఆ మార్పు చేసిందని అర్థం. అది చూసి ‘యంత్రమే మార్చింది, పట్టించుకోనక్కర్లేదు’ అనుకోవద్దు. ఒక మనిషి ఫైల్ మార్చి ఫైర్‌వాల్ సర్వీస్‌ను రీలోడ్ చేస్తే, రూల్స్ చేర్చేది సిస్టమ్‌డీ నడిపిన ప్రాసెస్. రికార్డులో ఆ మనిషి కనిపించడు. ఈటీసీ డైరెక్టరీలోని ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఫైళ్ల మీద, ఫైర్‌వాల్‌ను నిర్వహించే సాధనాలైన యూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీల ఫైళ్ల మీద కూడా ఆడిట్ నిఘా ఉండాలనేది ఇందుకే. మొదట్లో ఫైల్ నిఘాను రెండో పని అన్నాను, దాని అసలు ప్రయోజనం ఇక్కడ ఉంది.

ఫైర్‌వాల్‌డీ వాడేవారికి ఒక మాట. అందులో రన్‌టైమ్, పర్మనెంట్ అనే రెండు అమరికలు ఉంటాయి. రన్‌టైమ్‌లో మాత్రమే చేర్చిన రూల్ రీలోడ్ చేయగానే పోతుంది. రెండింటి జాబితాలూ తీసి రోజుకోసారి పోల్చండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది అనవసరపు హెచ్చరికలు. ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే డాకర్, కంటైనర్ మొదలైన ప్రతిసారీ తానే రూల్స్ చేరుస్తుంది. పదేపదే లాగిన్‌కు విఫలయత్నం చేసేవారిని ఆపే ఫెయిల్2బ్యాన్ ఒక్కో చిరునామాను అడ్డుకుంటూ, వదిలేస్తూ ఉంటుంది. వీటన్నిటికీ సందేశం వస్తే వారం తిరగకముందే ఎవరూ చదవరు. నేను సొంత రూల్స్‌ను వేరే పేరున్న టేబుల్‌లో పెట్టి, ఆ టేబుల్‌ను అక్షరం అక్షరం పోలుస్తాను. ఫెయిల్2బ్యాన్ టేబుల్‌ను పోలిక నుంచి తప్పిస్తాను. టేబుళ్ల పేర్ల జాబితాను మాత్రం ఎప్పుడూ పోలుస్తాను, కొత్త పేరు కనిపిస్తే హెచ్చరిక వస్తుంది.

డాకర్‌ను మాత్రం పూర్తిగా తప్పించవద్దు. కంటైనర్ పోర్టును బయటకు తెరిచినప్పుడు డాకర్ నాట్ టేబుల్‌లో (ప్యాకెట్ల చిరునామాలను మార్చే టేబుల్‌లో) రూల్ పెడుతుంది. అప్పుడు ఆ పోర్టుకు వచ్చే ట్రాఫిక్ సర్వర్‌కే వచ్చే ట్రాఫిక్‌ను చూసే ఇన్‌పుట్ చైన్‌కు రాకుండా, దాటిపోయే ట్రాఫిక్‌ను చూసే ఫార్వర్డ్ వైపు వెళుతుంది. యూఎఫ్‌డబ్ల్యూలో ఆ పోర్టును మూసి ఉంచినా అది బయటకు తెరిచే ఉంటుంది. కాబట్టి నాట్ టేబుల్‌లో బయటకు తెరిచిన పోర్టుల సంఖ్యలను మాత్రం విడిగా తీసి, అనుమతించిన పోర్టుల జాబితాతో సరిపోల్చండి.

తాత్కాలిక రూల్స్‌కు మా బృందంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ప్రతి రూల్‌కూ వ్యాఖ్య జోడించవచ్చు. అందులో ఎవరు అడిగారో, ఏ తేదీకి తీసేయాలో రాస్తాం. స్క్రిప్టు రోజూ ఆ తేదీలు చదివి, గడువు దాటినవాటిని బయటపెడుతుంది. ఆ ఐదు వారాల రూల్‌కు ఇదొక్కటి ఉండి ఉంటే రెండో రోజే తెలిసేది.

విండోస్ సర్వర్లలో పని సులువు. ఆడిట్ పాలసీలో ఎమ్‌పీఎస్‌ఎస్‌వీసీ (విండోస్ ఫైర్‌వాల్ సర్వీస్) రూల్ స్థాయి మార్పుల విభాగాన్ని ఆన్ చేస్తే, సెక్యూరిటీ లాగ్‌లో రూల్ చేర్చినప్పుడు 4946, మార్చినప్పుడు 4947, తీసేసినప్పుడు 4948 ఈవెంట్లు నమోదవుతాయి.

అన్నీ అమర్చాక పరీక్షించండి. ఉదాహరణల కోసమే కేటాయించిన 192.0.2.1 చిరునామాను అనుమతించే రూల్ ఒకటి చేతితో చేర్చండి. ఆ చిరునామా నుంచి నిజమైన ట్రాఫిక్ రాదు కాబట్టి ప్రమాదం లేదు. మానిటర్ సందేశం సెకన్లలో, పోలిక హెచ్చరిక ఐదు నిమిషాల్లోపు, ఆడిట్ రికార్డులో మీ పేరు, ఈ మూడూ రావాలి. తర్వాత రూల్ తీసేసి, తీసేసినట్టు కూడా సందేశం వచ్చిందో లేదో చూడండి. నేను ప్రతి నెలా మొదటి పని దినాన ఇది చేస్తాను. ఒకసారి కెర్నెల్ అప్‌డేట్ తర్వాత మానిటర్ సర్వీస్ మళ్లీ మొదలు కాలేదని నాకు తెలిసింది ఈ పరీక్షలోనే.