పాత జెట్‌స్కీ స్టార్ట్ అవ్వట్లేదా? కొత్త పార్టులు కొనేముందు మీటరు పట్టుకోండి

పాత జెట్‌స్కీ మొరాయించగానే చాలామంది ముందు కొత్త బ్యాటరీ తెస్తారు. అప్పటికీ కదలకపోతే సెల్ఫ్ మోటార్ మార్చేస్తారు. తీరా చూస్తే రెండూ బాగానే ఉంటాయి. లోపమంతా వాటిని కలిపే లావు వైర్ల కొసల్లో, నట్ల కింద పట్టిన పచ్చటి చిలుములో ఉంటుంది. ఉప్పునీళ్లలో తిరిగిన బండికైతే ఇది మరీ ఎక్కువ. చెక్ చేయడానికి కావలసిందల్లా ఒక మామూలు మల్టీమీటరు, కాస్త ఓపిక.

ఏ పని మొదలుపెట్టినా ముందు సీటు తీసి, ఇంజన్ గదికి కాసేపు గాలి ఆడనివ్వండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. పెట్రోలు వాసన తగులుతుంటే బ్యాటరీ వైరు ముట్టుకోవద్దు, బటన్ నొక్కవద్దు.

బటన్ నొక్కితే చప్పుడే లేదు

ముందు చేతికి కట్టుకునే లాన్యార్డ్ (నడిపేవాళ్లు పడిపోతే ఇంజన్‌ను ఆపే తాడు) చూడండి. చాలా బళ్లలో అది స్టాప్ బటన్ కింద దూరే ప్లాస్టిక్ క్లిప్పు. 1990ల మధ్య నుంచి వచ్చిన చాలా సీడూ (Sea-Doo) కంపెనీ మోడళ్లలో మాత్రం లాన్యార్డ్ టోపీలోనే చిప్ ఉంటుంది. దాన్ని పెట్టగానే రెండు పొట్టి బీప్‌లు వినిపించాలి. వినిపించకపోతే బండి ఆ తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట, సెల్ఫ్ తిరగదు. టోపీ లోపలా, అది కూర్చునే పోస్టు మీదా ఉన్న లోహపు భాగాలను శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టి చూడండి.

తర్వాత మెయిన్ ఫ్యూజు. కంటితో చూసి వదిలేయకుండా బయటికి తీసి మీటరుతో చూడండి. ఫ్యూజు బాగున్నా దాన్ని పట్టుకునే క్లిప్పులు తుప్పు పట్టి ఉండొచ్చు. కొత్త ఫ్యూజు కూడా కాలిపోతే అంతకన్నా పెద్దది వేయకండి. ఎక్కడో వైరు ఒరుసుకుని షార్ట్ అవుతోంది, దాన్ని వెతకాలి.

ఇవన్నీ బాగుంటే స్టార్టర్ రిలే (బటన్ నొక్కగానే బ్యాటరీ కరెంటును సెల్ఫ్ మోటార్‌కి కలిపే స్విచ్చి) దగ్గరికి రండి. దానికి వచ్చే రెండు సన్న వైర్ల మధ్య మీటరు పెట్టి (ఒక్కటే ఉంటే దానికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య) బటన్ నొక్కించండి. 12 వోల్టులు వస్తున్నా రిలే పలకకపోతే రిలే పోయింది. వోల్టేజే రాకపోతే లోపం బటన్ వైపు ఉంది. హ్యాండిల్ అటూ ఇటూ తిరిగే చోట వైరు లోపలే తెగడం తరచూ జరిగేదే.

టక్‌మని ఒక్క చప్పుడు, లేదా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి నిదానంగా వెళ్దాం.

బాగా చార్జ్ అయిన బ్యాటరీ, పక్కన పెట్టి ఉంచినప్పుడు 12.6 వోల్టులకు పైన చూపించాలి. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే. పూర్తిగా చార్జ్ చేశాక, బటన్ నొక్కి ఉంచి మళ్లీ చూడండి. 9.6 కన్నా కిందికి పడిపోతుంటే బ్యాటరీ పని అయిపోయింది. టకటకటకా అని రిలే కొట్టుకోవడం కూడా దాదాపు ఎప్పుడూ నీరసించిన బ్యాటరీ లక్షణమే. రిలే పలికినా బ్యాటరీ వోల్టేజి 12 దగ్గరే కదలకుండా ఉందంటే మాత్రం మోటార్‌కి కరెంటు వెళ్లట్లేదు, దారిలో ఎక్కడో అడ్డం పడుతోంది.

ఆ అడ్డం పట్టుకునే పద్ధతి ఇది. మీటరు ఎర్ర మొనను బ్యాటరీ ప్లస్ పోస్టు మీదే పెట్టండి, దానికి బిగించిన లగ్గు (వైరు కొసన ఉండే లోహపు రింగు) మీద కాదు. నల్ల మొనను సెల్ఫ్ మోటార్ మీది బోల్టుకు ఆనించండి. బటన్ నొక్కకముందు 12 చూపిస్తుంది, కంగారు పడకండి. నొక్కినప్పుడు వచ్చే అంకె ముఖ్యం. అది అర వోల్టు దాటకూడదు. దాటితే నల్ల మొనను ఒక్కో మజిలీ వెనక్కి జరుపుకుంటూ రండి: రిలే అవతలి బోల్టు, ఇవతలి బోల్టు, చివరికి బ్యాటరీ లగ్గు. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతే, ఆ రెండు చోట్ల మధ్యే లోపం. రిలే రెండు పెద్ద బోల్టుల మధ్యే పోతుంటే రిలే మార్చాలి.

మైనస్ వైపు కూడా ఇదే పని చేయండి. బ్యాటరీ మైనస్ పోస్టుకీ మోటార్ ఒంటికీ మధ్య 0.2, 0.3 వోల్టులకు మించకూడదు. ఇంజన్‌కి బిగించిన ఎర్త్ వైరును చూసేవాళ్లు తక్కువ, అక్కడ దొరికే లోపాలు ఎక్కువ.

లోపం దొరికాక ముందు మైనస్ వైరు ఊడదీయండి. లగ్గునూ అది ఆనే చోటునూ తళతళలాడేదాకా గీకండి. లగ్గు దగ్గర రబ్బరు తొడుగు కొంచెం చీల్చి చూడండి. లోపలి రాగి తీగలు నల్లబడి, వేలితో నలిపితే పొడిగా రాలుతుంటే గీకినందువల్ల లాభం లేదు, వైరే మార్చాలి. బిర్రుగా బిగించాకే గ్రీజు రాయండి.

వోల్టేజి మోటార్ దాకా బాగానే వచ్చి కూడా తిరగట్లేదా? అప్పుడూ మోటార్ విప్పకండి. స్పార్క్ ప్లగ్గులు తీయండి. సిలిండర్‌లో నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు, లక్షణం అచ్చం చెడిపోయిన మోటార్‌లాగే ఉంటుంది. ప్లగ్గు క్యాపులను ఎర్త్‌కి తగిలించి, రంధ్రాల ముందు ముఖం పెట్టకుండా బటన్ నొక్కండి. నీళ్లు చిమ్మితే సమస్య కరెంటుది కాదు. ప్లగ్గులు తీశాక కూడా కదలకపోతే ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడండి. చేత్తో తిరుగుతోందంటే అప్పుడు మోటార్ విప్పండి. బ్రష్షులు అరిగి ఉంటాయి, లేదా లోపలికి నీళ్లు దూరి ఉంటాయి.

మోటార్ తిరుగుతుంది, ఇంజన్ తిరగదు

బెండిక్స్ (సెల్ఫ్ మోటార్ తిరుగుడును ఇంజన్‌కి అందించే పళ్ల చక్రం) పట్టుకోవట్లేదు. తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేయండి, పళ్లు అరిగితే మార్చండి.

బటన్ వదిలినా సెల్ఫ్ ఆగట్లేదు

రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. వెంటనే మైనస్ వైరు తీసేయండి. కొత్త రిలే వేసేటప్పుడు బ్యాటరీని కూడా పరీక్షించండి. నీరసించిన బ్యాటరీతో పదేపదే ప్రయత్నిస్తేనే ఎక్కువగా ఇలా అతుక్కుంటాయి.

సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

ప్లగ్గును క్యాపుకు పెట్టి, దాని ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి, సిలిండర్ రంధ్రానికి దూరంగా ఉంచి నిప్పురవ్వ చూడండి. మిగతా క్యాపులనూ ఎర్త్ చేయడం మరవద్దు. ఒక్క సిలిండర్‌లోనే రవ్వ లేకపోతే ప్లగ్గు, క్యాపు లేదా వైరు. క్యాపు మర తిప్పి తీసే రకమైతే వైరు కొస కొంచెం కత్తిరించి మళ్లీ ఎక్కించండి.

ఏ సిలిండర్‌లోనూ లేకపోతే మొదటి అనుమానం స్టాప్ స్విచ్చి మీదే. చాలా పాత టూ స్ట్రోక్ బళ్లలో ఆ స్విచ్చి సీడీఐ (ప్లగ్గులకు రవ్వ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) నుంచి వచ్చే ఒక వైరును ఎర్త్‌కి కలిపి రవ్వను ఆపుతుంది. స్విచ్చిలోకి ఉప్పు, తేమ చేరితే ఎప్పుడూ ఆపినట్టే ఉంటుంది. ఆ వైరు కనెక్టర్ విప్పి చూడండి, రవ్వ వస్తే దొరికినట్టే. ఇది పరీక్ష వరకే. అలా విప్పి ఉంచి నీళ్లలోకి మాత్రం వెళ్లొద్దు. మీరు పడిపోతే బండి ఆగదు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

స్విచ్చి బాగుంటే స్టేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే కాయిళ్లు), పికప్ (రవ్వ ఎప్పుడు రావాలో సీడీఐకి చెప్పేది) కాయిళ్ల ఓమ్స్ (రెసిస్టెన్స్) కొలిచి మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌తో పోల్చండి. సీడీఐ ఖరీదైనది, మామూలు మీటరుతో తేలేది కాదు. అందుకే దాన్ని ఆఖరున అనుమానించాలి.

ఈరోజు స్టార్ట్ అవుతుంది, రేపటికి బ్యాటరీ ఖాళీ

ఇంజన్ నడుస్తుండగా కొంచెం ఎక్సిలరేటర్ ఇచ్చి బ్యాటరీ దగ్గర కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 12 దగ్గరే ఉంటే లోపం స్టేటర్‌ది లేదా రెగ్యులేటర్‌ది (చార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచేది), 15 దాటితే రెగ్యులేటర్‌ది. ఒడ్డున పైపు పెట్టి నడిపితే వరస తప్పకండి. ముందు ఇంజన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, వెంటనే ఇంజన్. ఇది తారుమారైతే నీళ్లు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్‌లోకి వెళ్తాయి.

చార్జింగ్ బాగుంటే, బండి ఆపి ఉన్నప్పుడు మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీ మైనస్ పోస్టుకీ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. మీటరు అలా ఉండగా స్టార్ట్ బటన్ నొక్కకూడదు. రీడింగు ఎక్కువగా కనిపిస్తే కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పుతూ రండి. ఏది విప్పగానే అంకె పడిపోతుందో ఆ వైరునే చివరిదాకా వెతకండి.