ముంగాలి కండరానికి బలం: ఏ సాధనం వాడాలి, ఎలా వాడాలి

మోకాలి కింద, ముంగాలి ఎముకకు బయటి పక్కన నిలువుగా సాగే కండరాన్ని టిబియాలిస్ యాంటీరియర్ అంటారు. పాదాన్ని పైకి లేపేది ఇదే. నడకలో మడమ నేలను తాకాక పాదం దభీమని పడిపోకుండా మెల్లగా దించేదీ ఇదే. అందువల్ల సాధనం ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది, పాదం దిగుతున్నప్పుడు కూడా కండరంపై బరువు నిలిచి ఉంటుందా అన్నది.

ఏదైనా కొనే ముందు గోడ చాలు. వీపును గోడకు ఆనించి, మడమలను సుమారు 30 సెంటీమీటర్లు ముందుకు ఉంచి, మోకాళ్లు వంచకుండా పాదాల ముందు భాగాన్ని పైకి లేపి, మూడు లెక్కపెడుతూ దించాలి. మడమలు గోడకు దూరమైన కొద్దీ శ్రమ పెరుగుతుంది. ఇలా వరుసగా 20 సార్లు తేలిగ్గా చేయగలిగినప్పుడు సాధనం వైపు వెళ్లవచ్చు.

రెసిస్టెన్స్ బ్యాండ్‌ను, అంటే వ్యాయామానికి వాడే సాగే రబ్బరు పట్టీని, కదలని బరువైన బల్ల కాలికి కట్టి, దానికి ఎదురుగా కాలు చాపి కూర్చుని, రెండో కొసను మీగాలిపై, వేళ్ల మొదళ్ల దగ్గర తగిలించి పాదాన్ని మనవైపు లాగాలి. బ్యాండ్ సాగిన కొద్దీ బిగుస్తుంది, పాదం ముందుకు వాలినప్పుడు వదులవుతుంది. ఆ వదులు లేకుండా ఉండాలంటే కాస్త వెనక్కి జరిగి కూర్చోవాలి. రబ్బరుపై సన్నని పగుళ్లు కనిపిస్తే దానిని పారవేయడమే క్షేమం.

బరువును కొద్దికొద్దిగా పెంచుకోవాలనుకునేవారికి టిబ్ బార్, అంటే పాదాలకు తగిలించుకుని బరువు బిళ్లలు (ప్లేట్లు) ఎక్కించే కడ్డీ, అన్నిటికంటే అనువైనదని నా అభిప్రాయం. బెంచీపై కాళ్లు చాపి, మడమలు అంచు దాటేలా కూర్చుని, పాదాలను కడ్డీలో దూర్చి, ప్లేట్లు జారకుండా కాలర్ (వాటిని పట్టి ఉంచే బిగింపు) బిగించాలి. మొదటి వారం ఖాళీ కడ్డీయే చాలు. ఒంటికాలి బార్ అయితే, రెండు కాళ్ల మధ్య బలంలో ఉన్న తేడా వెంటనే తెలుస్తుంది. బార్ లేనివారు ఎత్తైన బెంచీపై కూర్చుని, బూటు వేసుకున్న పాదానికి చిన్న కెటిల్‌బెల్ (పిడి ఉన్న గుండ్రని ఇనుప బరువు) పిడిని తగిలించుకోవచ్చు, కింద మందపాటి చాప తప్పనిసరి.

ఏ సాధనంతో చేసినా బొటనవేలిని గమనించాలి. అది ముందుగా నిక్కి, మిగతా పాదం వెనకబడితే, పని బొటనవేలిని లేపే కండరం మీదికి పోయినట్టే. బరువు తగ్గించి, వేళ్లను వదులుగా ఉంచి మళ్లీ చేయాలి. సరిగా చేస్తే చీలమండ ముందు, లోపలి వైపున ఒక తాడు ఉబ్బినట్టు కనిపిస్తుంది; వేలితో తాకితే గట్టిగా తగులుతుంది.

వారానికి మూడు రోజులు, రోజుకు రెండు మూడు విడతలు, విడతకు 15 సార్లు సరిపోతుంది. కండరంలో మంట పుట్టడం సహజమే. అయితే ఎముకపై ఒకేచోట నొక్కినప్పుడు నొప్పి వస్తే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. పాదం ఉన్నట్టుండి పైకి లేవకపోతే నరానికి సంబంధించిన సమస్య కావచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి వైద్యుడికి చూపించాలి.