ఇన్‌ఫీల్డర్‌ని కొలవడం – 4వ పాఠం: గ్లవ్ నుంచి మిట్ దాకా

బేస్‌బాల్‌లో ఇన్‌ఫీల్డర్లని, అంటే బేస్‌ల దగ్గర కాసే ఆటగాళ్లని, అంచనా వేయడం గురించిన పాఠాలివి. ఈసారి బ్యాక్‌హ్యాండ్ (గ్లవ్‌ని ఒంటికి అడ్డంగా తిప్పి బంతి పట్టడం) గురించి, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాసేవాడు) అటూ ఇటూ ఎంత మేర కాయగలడన్న దాని గురించి రాయాల్సింది. పోయిన పాఠానికి మీరు పంపిన అంకెలు చూశాక దాన్ని వెనక్కి జరపక తప్పలేదు. హైస్కూల్ షార్ట్‌స్టాప్ ఫస్ట్ బేస్‌కి వేసే త్రో వేగాన్ని రాడార్ గన్‌తో కొలవమన్నాను. పదహారేళ్ల పిల్లలకు గంటకు 88, 90, 91 మైళ్లు వచ్చాయి. అదే పిల్లవాడికి అదే వారం మ్యాచ్‌లో 78, 79. గన్ సరిగా పట్టుకోలేదేమోనని చాలామంది అడిగారు. డాలస్‌లో, న్యూజెర్సీలో పిల్లల్ని ఆడిస్తున్న తల్లిదండ్రులు కొందరైతే, ఇందులో ఏ అంకెను కాలేజీ కోచ్‌కి పంపాలని కూడా అడిగారు. దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం.

ముందు గన్ సంగతి. కోణం వల్ల వచ్చే పొరపాటు అంకెను తగ్గిస్తుందే గానీ ఎప్పుడూ పెంచదు. త్రో వచ్చే దారికి 10 డిగ్రీలు పక్కకు ఉంటే 85 మైళ్ల త్రో 84 దగ్గర కనిపిస్తుంది. 25 డిగ్రీలు పక్కకు వెళ్తే అదే త్రో 77 అవుతుంది. కాబట్టి మ్యాచ్‌లో వచ్చిన 78లోంచి కొంత కోణం తినేసి ఉండొచ్చు. ఫస్ట్ బేస్‌మన్ వెనక, కంచె అవతల, షార్ట్‌స్టాప్‌కి సూటిగా ఎదురుగా నిలబడి కొలవండి, ఆ నష్టం పోతుంది. కానీ 91 కోణం వల్ల వచ్చింది కాదు. అది పరుగు వల్ల వచ్చింది.

పరుగెత్తి వేసిన త్రో

ఈ మాట కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే ఇన్‌ఫీల్డర్లని అంచనా వేయడంలో ఇంతకంటే ఎక్కువమందిని దారి తప్పించే అంకె మరొకటి లేదు.

షోకేస్‌లో (కోచ్‌ల ముందు పిల్లలు తమ ఆట చూపించుకునే చోట) ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. కోచ్ ఫంగో బ్యాట్‌తో (ప్రాక్టీస్‌కి వాడే తేలికైన బ్యాట్) మెల్లగా, సూటిగా ఒక బంతి కొడతాడు. పిల్లవాడు ఇన్‌ఫీల్డ్ మట్టి చివర, గడ్డి అంచున ఉంటాడు. ముందుకు పరుగెత్తుకొచ్చి బంతి తీసుకుంటాడు. తీసుకున్నాక ఆగడు. రెండు మూడు అడుగులు వేసి, అవుట్‌ఫీల్డర్లు చేసే క్రో హాప్ లాంటి పెద్ద గెంతు గెంతి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసురుతాడు. త్రో కంటే ముందే ఫస్ట్ బేస్ తొక్కాలని పరిగెత్తే రన్నర్ (బంతి కొట్టిన బ్యాటర్) లేడు, తొందర లేదు. త్రో ఫస్ట్ బేస్‌మన్ తల మీదుగా పోయినా గన్‌కి పట్టింపు లేదు. ఐదారు త్రోల్లో అన్నిటికంటే పెద్దది కాగితం మీదికి ఎక్కుతుంది.

అందులో అబద్ధమేమీ లేదు. ఆ చేతిలో అంత బలం ఉందన్నది నిజం. పెద్ద అంకె రేపటి గురించి ఒక మాట చెబుతుంది: అడుగులు నేర్పిస్తే ఈ చెయ్యి ఎంత దూరం పోగలదన్నది. కానీ మ్యాచ్‌లో ఆ మూడు అడుగులకు రన్నర్ ఆగడు. ఆ పరుగు తీసేస్తే మిగిలే వేగమే షార్ట్‌స్టాప్ ఇవాళ్టి వేగం. అందుకని ఇకనుంచి ఒక్క అంకె రాయకండి, రెండు రాయండి. "పరుగుతో 91, మ్యాచ్‌లో 79" అని. పక్కన ఎక్కడ నిలబడి కొలిచారో కూడా. ఎలా, ఎక్కడ కొలిచారో రాయని అంకె ఎంత పెద్దదైనా నా దృష్టిలో చిత్తుకాగితమే. కాలేజీ కోచ్‌కి పంపేటప్పుడు కూడా రెండూ పంపండి. ఎలాగూ అతను మ్యాచ్‌కి వచ్చి చూస్తాడు.

అసలు ఈ వేగం వల్ల ఎంత లాభమో లెక్క వేసి చూద్దాం. షార్ట్‌స్టాప్ మామూలుగా బంతి తీసుకునే చోటు నుంచి ఫస్ట్ బేస్‌కి 120 అడుగులు అనుకోండి. 80 మైళ్ల వేగంతో చెయ్యి వదిలిన బంతి, గాలి వల్ల దారిలో తగ్గే వేగాన్ని కూడా కలుపుకుంటే, సుమారు 1.13 సెకన్లలో చేరుతుంది. 86 మైళ్లయితే సుమారు 1.05. ఆరు మైళ్ల తేడా, ఏళ్ల తరబడి జిమ్‌లో కష్టపడితే వచ్చే తేడా, 0.08 సెకను. చివరి అడుగుల్లో ఉన్న రన్నర్ ఆ వ్యవధిలో రెండు అడుగుల దూరం పోతాడు. బంతి పట్టాక ఒక్క షఫుల్ (త్రోకి ముందు వేసే చిన్న అడుగుల జత) ఎక్కువ వేస్తే? 0.2 సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. అంటే ఐదడుగులు.

ఇవాళ్టి పని: నాలుగు గుర్తులు

గన్ పక్కన పెట్టి ఫోన్ తీయండి. వీడియోని సెకనుకు 60 ఫ్రేములకు పెట్టండి. 240 అక్కర్లేదు. స్లో మోషన్‌లో తీసిన క్లిప్ తెర మీద నిదానంగా నడుస్తుంటే దాని మీద స్టాప్‌వాచ్ నొక్కి పంపినవాళ్లు పోయినసారే ఇద్దరు ముగ్గురున్నారు. ఫ్రేములు లెక్కపెట్టాలి, వాచ్ నొక్కకూడదు. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, బ్యాక్‌స్టాప్ జాలీ అవతల, మెట్ల మీద కాస్త ఎత్తున, థర్డ్ బేస్ వైపు కొద్దిగా జరిగి స్టాండు పెట్టండి. ఫ్రేములో బ్యాటర్, షార్ట్‌స్టాప్, ఫస్ట్ బేస్ మూడూ పట్టాలి. జాలీ అడ్డమైతే లెన్స్‌ని జాలీ కంతకే ఆనించండి. ఫోకస్ లాక్ చేయండి, లేకపోతే ఫోన్ జాలీ మీదే ఫోకస్ చేసి కూర్చుంటుంది. పిల్లలు మైనర్లు కాబట్టి ముందుగా కోచ్‌ని అడిగి తీయండి.

సాయంత్రం మ్యాచ్‌లకు ఒక జాగ్రత్త. వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు చెప్పకుండానే 60 నుంచి 30కి దిగిపోతాయి. ఆ ఆటోమేటిక్ సెట్టింగ్ ఆపేయండి. అనుమానముంటే నడుస్తున్న స్టాప్‌వాచ్‌ని పది సెకన్లు వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. 600 రావాలి.

ఇప్పుడు ప్రతి గ్రౌండ్ బాల్‌కీ (నేల మీద దొర్లుతూ వచ్చే బంతికి) నాలుగు ఫ్రేముల నంబర్లు రాసుకోండి: తగిలింది, పట్టాడు, వదిలాడు, చేరింది. బ్యాట్‌కి బంతి తగిలిన ఫ్రేము, గ్లవ్‌లోకి మాయమైన మొదటి ఫ్రేము, చేతికీ బంతికీ మధ్య సందు కనిపించిన మొదటి ఫ్రేము, ఫస్ట్ బేస్‌మన్ మిట్‌లోకి (అతని గ్లవ్‌లోకి) మాయమైన మొదటి ఫ్రేము. ఒకదాన్లోంచి ఒకటి తీసేసి 60తో భాగిస్తే మూడు ముక్కలు వస్తాయి. మధ్య ముక్క, పట్టాడు నుంచి వదిలాడు దాకా, మార్పిడి. చివరిది ప్రయాణం. ఈ రెండూ కలిపి గ్లవ్ నుంచి మిట్ దాకా. ఒక్కో కొసలో ఒక ఫ్రేము అటూ ఇటూ అవుతుంది కాబట్టి 0.03 సెకను తేడాని తేడాగా లెక్కపెట్టకండి.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఇద్దరు షార్ట్‌స్టాప్‌లు, ఒకే రకం బంతి, బ్యాట్ నుంచి గ్లవ్‌కి ఇద్దరికీ 2.20 సెకన్లు అనుకుందాం. మొదటివాడి చెయ్యి 86 మైళ్లు, మార్పిడికి 66 ఫ్రేములు, అంటే 1.10. ప్రయాణం 1.05. మొత్తం 4.35. రెండోవాడి చెయ్యి 79 మైళ్లు, మార్పిడి 48 ఫ్రేములు, 0.80. ప్రయాణం 1.14. మొత్తం 4.14. రన్నర్ 4.30లో ఫస్ట్ బేస్‌ తొక్కుతున్నాడనుకోండి. బలమైన చెయ్యి ఉన్నవాడి త్రోకి రన్నర్ సేఫ్. ఏడు మైళ్లు తక్కువ ఉన్నవాడి త్రోకి అవుట్. గన్ ఒక్కటే చూసేవాడి నోట్‌బుక్‌లో ఈ ఇద్దరూ తలకిందులుగా ఉంటారు.

ఆ 66కీ 48కీ మధ్య 18 ఫ్రేములు ఎక్కడ పోయాయి? క్లిప్‌ని ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ నడుం కింద మాత్రమే చూడండి. కుడిచేతివాటం షార్ట్‌స్టాప్ సూటిగా వచ్చిన బంతికి కుడి పాదం, ఎడమ పాదం వేసి వంగుతాడు. బంతి గ్లవ్‌లో పడుతుంది. గ్లవ్ పొట్ట దగ్గరికి వస్తుండగానే కుడి పాదం ఎడమదాని ముందు నుంచి దాటి పడుతుంది. ఎడమ పాదం ఫస్ట్ బేస్ వైపు దిగుతుంది, చెయ్యి వదులుతుంది. కుడి, ఎడమ, పట్టు, కుడి, ఎడమ, త్రో. అంతే. ఆలస్యమైనవాడు పట్టాక ఇంకోసారి కుడి ఎడమ వేస్తాడు. కొందరిలో పాదాలు బాగానే ఉంటాయి, బంతి గ్లవ్‌లోంచి చేతికి రావడమే ఆలస్యం: వేళ్లు బంతి మీది కుట్టు కోసం వెతుక్కుంటాయి, గ్లవ్ ఛాతీ దగ్గర రెండోసారి తట్టుకుంటుంది. పాదాలది ఒక ఏడాది శిక్షణలో సరిపోతుంది. చేతులది అంత తేలిక కాదు, కాబట్టి నోట్‌లో రెండూ విడివిడిగా రాయండి. "ఎక్స్‌చేంజ్ స్లో" అని రాస్తే రేపు మీకే అర్థం కాదు.

ఫస్ట్ బేస్‌మన్ చెయ్యి చాచి అందుకున్నాడా, బంతి నేల తాకి వెళ్లిందా అన్నది కూడా పక్కన గుర్తు పెట్టుకోండి. నేల తాకిన త్రోల సమయాన్ని సగటులో కలపకండి.

ఇదే కొలత సెకండ్ బేస్‌లో ఆడేవాడికి వేరేగా చదవాలి. అతని త్రో చిన్నది, చెయ్యి వేగం పెద్దగా అక్కరకు రాదు. డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసేటప్పుడు) సెకండ్ బేస్ మీద తిరిగి 90 అడుగుల త్రో వేసే మార్పిడే అతని పరీక్ష. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్‌కి బేస్‌ల మధ్యే 127 అడుగులు, బేస్ వెనక ఆడితే ఇంకా ఎక్కువ. అక్కడ చేతి బలం నిజంగానే కావాలి. హైస్కూల్లో మంచి ఆటగాడన్నవాడినల్లా షార్ట్‌స్టాప్‌లోనే నిలబెడతారు కాబట్టి, చూసేటప్పుడు ఇతను చివరికి ఎక్కడ స్థిరపడతాడన్నది మనసులో ఉండాలి. చిప్పర్ జోన్స్‌ని 1990 డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేది) మొట్టమొదటి ఎంపికగా తీసుకున్నది హైస్కూల్ షార్ట్‌స్టాప్‌గానే. పేరు తెచ్చుకున్నది థర్డ్ బేస్‌లో.

రెండో పాఠం నుంచి మిగిలిన అప్పు

హోమ్ నుంచి ఫస్ట్‌కి పరిగెత్తడానికి కుడిచేతివాటం బ్యాటర్లకు 3.7, 3.8 సెకన్లు అని పంపినవాళ్లు మళ్లీ కొలవండి. మేజర్ లీగ్‌లో 4.3 అంటే సగటు, 4.0 అంటే 80 గ్రేడ్ (20 నుంచి 80 దాకా ఇచ్చే గ్రేడుల్లో అన్నిటికంటే పెద్దది). మీ స్కూల్ పిల్లవాడు దాన్ని దాటాడంటే వాచ్ ఆలస్యంగా నొక్కారని అర్థం. బ్యాటర్ కాలు కదిలినప్పుడు కాదు, బంతి బ్యాట్‌కి తగిలినప్పుడు నొక్కాలి. అదీ కంటితో చూసి. అవుట్‌ఫీల్డ్ దగ్గర 300 అడుగుల దూరంలో కూర్చుని చప్పుడు విని నొక్కితే, చప్పుడు మీ దాకా రావడానికే 0.27 సెకను పోయింది. బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టడం) కొట్టి పరిగెత్తినవీ, మధ్యలో వేగం తగ్గించినవీ వద్దు.

50 గ్రేడ్ అంటే మీ జిల్లాలో మంచి ఆటగాడు అని కాదు, మేజర్ లీగ్ సగటు అని. కాబట్టి పదహారేళ్లవాడికి ఇవాళ్టి గ్రేడు 30, 35 రావడం అవమానం కాదు. రేపటి గ్రేడు పక్కన వేరుగా రాస్తాం, ఎందుకలా అనుకుంటున్నారో ఒక వాక్యంతో.

ఎర్రర్లు (అవుట్ చేయాల్సిన బంతిని పట్టడంలోనో, విసరడంలోనో చేసిన తప్పులు) లెక్కపెట్టి పంపినవాళ్లకు ఒక మాట. 1992 డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపికగా హైస్కూల్ నుంచి తీసుకున్న డెరెక్ జీటర్, తర్వాత యాంకీస్ షార్ట్‌స్టాప్‌గా పేరు తెచ్చుకున్నవాడు, 1993లో మైనర్ లీగ్ జట్టు గ్రీన్స్‌బరోలో ఆడిన ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు చేశాడు. ఎన్ని అన్నది కాదు, ఎలాంటివి అన్నది చూడండి. పాదాలు ఆలస్యమై బంతి మీదికి వంగిపోయాడా, గ్లవ్ గట్టిగా బిగుసుకుందా, తొందరపడి త్రో ఎత్తుకు పోయిందా. అసలు చేరుకోలేని బంతికి ఎర్రరే పడదు. నెమ్మదిగా ఉన్నవాడి ఖాతా అందుకే శుభ్రంగా కనిపిస్తుంది. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మైదానమా, మట్టా అన్నదీ రాయండి. టర్ఫ్ మీద బంతి ఒకే ఎత్తున లేస్తుంది, చేతుల లోపం బయటపడదు.

అభ్యాసం

ఒక్కడే షార్ట్‌స్టాప్. మూడు మ్యాచ్‌లు. మ్యాచ్‌కి ముందు చేసే ఇన్‌ఫీల్డ్ ప్రాక్టీస్‌తో కలిపి కనీసం 15 గ్రౌండ్ బాల్స్, ఒక్కోదానికి నాలుగు గుర్తులు, మొత్తం 60 ఫ్రేము నంబర్లు. ప్రాక్టీస్‌లో కొట్టినవి ఒక పేజీలో, మ్యాచ్‌లో వచ్చినవి ఇంకో పేజీలో. రెండు పేజీల మార్పిడి సగటులు విడిగా తీయండి. ప్రాక్టీస్‌లో కంటే మ్యాచ్‌లో 0.1 కంటే ఎక్కువ మెరుగుపడినవాడు తొందర వచ్చినప్పుడు కదలగలవాడు, అతన్ని వదలకండి. మ్యాచ్‌లో దిగజారినవాడి క్లిప్పులు మళ్లీ తెరిచి, పోయింది పాదాల దగ్గరా చేతుల దగ్గరా అని ప్రతి బంతికీ ఒక్క మాట రాయండి. వీడియో చూసేటప్పుడు బంతి మిట్‌లో పడగానే ఆపేయండి, అంపైర్ సేఫ్ అన్నాడా అవుట్ అన్నాడా చూడకుండా. అది చూస్తే చెయ్యి తెలియకుండానే ఒక ఫ్రేము అటో ఇటో జరుపుతుంది.

బ్యాక్‌హ్యాండ్ క్లిప్పులు దొరికితే పారేయకుండా దాచి ఉంచండి. థర్డ్ బేస్ వైపు లోతుగా వెళ్లి తీసుకున్నప్పుడు త్రో 130 అడుగులు దాటుతుంది, కుడి పాదం నేలలో దిగిన ఫ్రేము కూడా అప్పుడు కావాలి. ఐదో పాఠం వాటితోనే మొదలవుతుంది.