వానల ముందు తాగునీటి జాగ్రత్తలు: కుళాయి గొట్టానికి మోటారు బిగించకండి

పోయిన వారం ఒకే వీధిలో వరుసగా నాలుగైదు ఇళ్లవాళ్లు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. తవ్వి చూస్తే, తాగునీటి గొట్టం మురుగు కాలువను దాటే చోట, జాయింటు దగ్గర వేలు పట్టేంత పగులు కనిపించింది. అది నిన్న మొన్నటిది కాదని చుట్టూ పేరుకున్న నల్లటి జిగురే చెబుతోంది. ఇన్నాళ్లూ రాని జబ్బు ఇప్పుడు రావడానికి కారణం, వానకు కాలువ నిండడమూ, నీరు సరిగా ఎక్కడం లేదని సగం ఇళ్లవాళ్లు కుళాయి గొట్టానికే మోటార్లు బిగించుకోవడమూ.

కాచి తాగమనీ, చేతులు కడుక్కోమనీ అందరూ చెప్పేదే కనుక దాని జోలికి పోను. నేను చూసినంతలో వీధులకు వీధులను మంచాన పడేసింది ఈ మోటారే. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపు పగులు నుంచి నీరు బయటికి కారుతుందే తప్ప మురికి లోపలికి రాదు. మోటారు పీల్చడం మొదలుపెట్టగానే లోపలి ఒత్తిడి పడిపోయి, కాలువ నీరు ఆ పగులు గుండానే లోపలికి వస్తుంది. మోటారు పెట్టినవారికే జబ్బు రావాలని కూడా లేదు. ఆ మురుగు వీధి చివరి ఇంటి పసివాడి పాలసీసా దాకా పోతుంది.

కుళాయి నీటిని దాని ఒత్తిడితోనే నేలమట్టపు సంపులో పడనిచ్చి, అక్కడి నుంచి మోటారుతో ఎక్కించుకోండి. సంపు మూత నేలకన్నా జానెడు ఎత్తున ఉండాలి. సరఫరా ఆగినప్పుడు కూడా గొట్టంలోకి మురికి చేరుతుంది కనుక, వదిలిన వెంటనే వచ్చే నీటిని తాగడానికి పట్టకుండా మొక్కలకు పోయండి.

క్లోరిన్ కలిపిన వెంటనే తాగేవారు ఎందరో. కనీసం 30 నిమిషాలు ఆగాలి, ఆ తరవాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బురద నీటిలో క్లోరిన్ అంతా బురదకే ఖర్చయిపోతుంది కనుక ముందు తేర్చి, వడగట్టండి. నెలల తరబడి మూత తీసి ఉంచిన బ్లీచింగ్ పొడిని నమ్మకండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ పోవు. నీరు ఇగిరిన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది.

గొట్టం కాలువను ఎక్కడ దాటుతోందో వానలకు ముందే చూసుకోండి. వరద ముంచిన బోరు నీటిని పరీక్ష చేయించకుండా తాగకండి. ఎండిన బోరులోకి వీధి నీరు మళ్లించకండి, చెడిన భూగర్భ జలం ఏళ్లు గడిచినా కోలుకోదు. కాచిన నీటిలో గ్లాసు ముంచకండి. నీటి రంగు మారితే ఇరుగుపొరుగుకు ముందు చెప్పి, ఫిర్యాదు తరవాత రాయండి. పక్కింటివాళ్లు బిగించారని మీరూ మోటారు బిగించకండి. బిగించి ఉంటే ఈ రోజే తీసేసి, మోటారు కోసం కుళాయి గొట్టం నుంచి తీసిన పాయకు బిరడా పెట్టించండి.